ఎర్ర సిమెంటు వెంట, తాండూరు నుంచి నానక్‌రామ్‌గూడ దాకా

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రాయదుర్గం మెట్రో స్టేషన్ నుంచి మా ఆఫీసుకు నడిచే దారిలో, కాలిబాట మలుపు తిరిగేచోట, ఒక సిమెంటు పలక మూలన నా బొటనవేలి ముద్ర ఉంది. మణికొండలో మా అపార్ట్‌మెంటు ర్యాంపు అంచున ఇంకొకటి. మదీనాగూడలో పిన్ని వాళ్ళ వీధిలో, కొత్తగా వేసిన రోడ్డు పక్కన మరొకటి. తడి సిమెంటు కనబడితే నా చెయ్యి ఊరుకోదు. చుట్టూ చూసి, చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు వంగి, వేలు నొక్కి లేస్తాను. నలుగురిలో నోరు విప్పడానికి తడబడే మనిషిని. ఊళ్ళో నేనూ ఉన్నానని చెప్పుకోవడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే కాబోలు. రోజూ డైరీ రాస్తాను గాని, అందులో కూడా ఈ సంగతి రాయలేదు.

ఇలాంటి మనిషికి సిమెంటు మీదే ఉద్యోగం దొరకడం చిత్రమే. హైటెక్ సిటీలో ఒక గాజు భవనంలో మా ఆఫీసు. దేశంలోని సిమెంటు ఫ్యాక్టరీలు గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను ఎలా తగ్గించవచ్చో మా బృందం లెక్కలు కట్టి నివేదికలు తయారుచేస్తుంది. ఏ ఫ్యాక్టరీలో ఏం మారిస్తే ఎంత తగ్గుతుందో కంప్యూటర్ ముందు కూర్చుని చెప్పగలను. ఒక్క ఫ్యాక్టరీని మాత్రం అప్పటిదాకా కళ్ళతో చూడలేదు. అలాంటి పనులకు మా సీనియర్ కిరణ్ వెళ్ళేవాడు. అతను గొంతున్న మనిషి.

ఆ వారం కిరణ్ వాళ్ళ పాపకు జ్వరం వచ్చింది. "తాండూరుకు నువ్వే వెళ్ళాలి. బస్తాలు తీసుకుని రావాలి, నానక్‌రామ్‌గూడలో పోత దగ్గర నిలబడాలి. అంతే" అని సందేశం పెట్టాడు. తాండూరు దగ్గర ఒక ఫ్యాక్టరీ, కొత్త రకం సిమెంటును కొద్దిగా తయారుచేసింది. నానక్‌రామ్‌గూడలో టవర్లు కడుతున్న ఒక బిల్డరు, వాచ్‌మన్ల గది ముందున్న నేలను దానితో వేయించి చూడటానికి ఒప్పుకున్నాడు. ఆ 'అంతే' అన్న మాట నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు.

పొద్దున ఆరున్నరకు మణికొండలో ఆటో ఎక్కాను. వానాకాలం, ఆకాశం మబ్బు పట్టి ఉంది. లింగంపల్లి స్టేషన్ చేరేసరికి ఏడు దాటింది. తాండూరు వెళ్ళాలనుకునేవారు లింగంపల్లిలో ఎక్కడమే మేలు. సికింద్రాబాద్ నుంచి వచ్చే జనం చాలామంది అక్కడ దిగిపోతారు, కిటికీ పక్కన చోటు దొరుకుతుంది. టికెట్టు పెద్ద ఖరీదేమీ కాదు. స్టేషన్ బయట ఇడ్లీ బండి దగ్గర తినేసి ఎక్కితే తాండూరు దాకా ఇంకేం అక్కర్లేదు.

నా ఎదుట కూర్చున్నామె పేరు బాలమణి. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక టవర్లో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. అన్నయ్య ఇంట్లో ఏదో ఫంక్షన్ ఉంటే ఊరికి పోతోంది. శంకర్‌పల్లి రాకముందే నా ఊరూ పేరూ అడిగి తెలుసుకుంది.

"తాండూర్ల ఎవరున్నరు బిడ్డా?"

"ఎవరూ లేరండి. సిమెంటు ఫ్యాక్టరీలో పని ఉంది."

"నౌకరా?"

"కాదండి. ఫ్యాక్టరీలోంచి వచ్చే గాలిని తగ్గించే పని."

"గాలి ఏందమ్మా, దుమ్ము తగ్గియ్యమను. మా అన్నోళ్ళ మిద్దె మీద పొద్దుగాల బట్టలు ఆరేస్తె మాపటికి పిండి జల్లినట్టు అయితయి."

దుమ్ము వేరని, నేను చెప్పేది కంటికి కనబడదని నెమ్మదిగా చెప్పాను.

"కనబడేది ఇడ్సిపెట్టి కనబడని దాని ఎంబడి పడ్డరా? మంచిగుంది మీ నౌకరి" అని పక్కామెను మోచేత్తో పొడిచి నవ్వింది. నవ్వుతూనే కొంగులోంచి ఉడకబెట్టిన పల్లికాయలు తీసి నా ఒళ్ళో పోసింది.

నాకు జవాబు ఎప్పుడూ ఆలస్యంగానే తోస్తుంది. వికారాబాద్ దాటాక తోచింది. అప్పటికి బాలమణి కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. ఆమెకు చెప్పాలనుకున్నది ఇది. సిమెంటుకు మూలం సున్నపురాయి. దాన్ని బట్టీలో కాలిస్తే రాయి బరువులో సగానికి కాస్త తక్కువ గాలైపోతుంది. ఆ గాలే కార్బన్ డయాక్సైడ్. బొగ్గు పొగ దానికి అదనం. బొగ్గు మానేసి ఎండతో కాల్చినా, రాయిలో దాగి ఉన్న ఆ గాలి బయటకు రాక మానదు. ఇల్లు కట్టిన ప్రతివాళ్ళూ ఇంటికి సరిపడా రాయిని కాల్చి, దాని వెంట అంత గాలినీ వదిలినట్టే. అందుకని కాల్చిన రాయిని తగ్గించి, ఆ చోట ఇంకేదైనా కలపాలి. ఇంత మాటా నిద్రపోతున్న మనిషికి మనసులో చెప్పి, పల్లికాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాను. తెచ్చుకున్న పుస్తకం ఒక పేజీ కూడా ముందుకు కదల్లేదు. ఒకటికి రెండుసార్లు లేచి తలుపు దాకా వెళ్ళి వచ్చాను.

అనంతగిరి గుట్టలు వెనకపడ్డాక నేల రంగు మారుతుంది. కంది చేలు మొదలవుతాయి. చేల చుట్టూ ముళ్ళకంచె ఉండదు, మనిషి నడుం ఎత్తు నాపరాళ్ళు నిలువుగా పాతి ఉంటాయి. అక్కడ రాయికి కొదవ లేదు. ఊళ్ళలో అరుగులు, పశువుల కొట్టాలు, దుకాణాల ముందు బల్లలు అన్నీ ఆ రాయే. ఆ సీమకు సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకు వచ్చాయో కిటికీలోంచి చూస్తేనే తెలిసిపోతుంది.

పదకొండు కాకముందే తాండూరులో దిగాను. స్టేషన్ బయట షేర్ ఆటోలు ఉంటాయి గాని, ఫ్యాక్టరీ గేటు దాకా పోవాలంటే విడిగా మాట్లాడుకోవాలి. దూరం నుంచే బట్టీ గోపురం కనిపించింది. మా ఆఫీసు భవనం కంటే ఎత్తేమో. దాని కొసన సన్నటి తెల్లటి పొగ, మబ్బుల్లో కలిసిపోతూ ఉంది. రెండేళ్ళుగా నేను అంకెల్లో చూస్తున్నది అదేనా అని ఆటో ఆపించి కాసేపు చూశాను. అది ఆవిరి అని, నేను లెక్కపెట్టేది అసలు కనబడదని వెంటనే గుర్తొచ్చి, ఎవరూ వినకపోయినా సిగ్గేసింది.

గేటు దగ్గరికి రాధిక గారే వచ్చారు. ఆవిడ ఆ ఫ్యాక్టరీ ప్రయోగశాలలో పెద్ద కెమిస్టు. తెనాలి మనిషి, యాభై దాటిన వయసు, నెత్తిన పసుపు రంగు హెల్మెట్టు.

"కిరణ్ రాలేదేం?"

చెప్పాను.

"సరేలే అమ్మాయ్, ముందు అన్నం తిను. తాండూరు వచ్చి కందిపప్పు తినకుండా పని మాట్లాడకూడదు."

క్యాంటీన్ పప్పు నిజంగానే బాగుంది. గట్టిగా, కాస్త తియ్యగా, పైన నెయ్యి. రెండోసారి వేయించుకున్నాను. తిన్నాక ఆవిడ నన్ను ఫ్యాక్టరీ ఒక చివరికి తీసుకువెళ్ళారు. పెద్ద బట్టీ పక్కన బొమ్మలా, పదిహేను అడుగుల పొడుగున్న చిన్న గొట్టపు బట్టీ తిరుగుతోంది. పక్కన ఎర్రమట్టి కుప్ప.

"ఇదే. మా వాళ్ళు దీన్ని రాధిక గారి కుంపటి అంటారు" అన్నారు. ఆ మాట చెప్పడంలో కోపం లేదు, అలవాటైపోయిన అలసట ఉంది.

ఆ కుంపటిలో కాలేది మట్టి. సున్నపురాయికి కావలసినంత వేడి దీనికి అక్కర్లేదు, పైగా మట్టిలోంచి వచ్చేది చాలావరకు నీటి ఆవిరే. కాల్చిన మట్టిని, కాల్చని సున్నపురాయి పొడిని కలిపి, పెద్ద బట్టీలో కాలిన సరుకును ఇంచుమించు సగానికి తగ్గించవచ్చు. మా నివేదికల్లో ఇది ఒక అడ్డువరుస. ఆవిడకు ఎన్నో ఏళ్ళ పని. బస్తా మూతి విప్పి చూపించారు. బూడిదరంగులో ఎరుపు కలిసి, పాత ఇటుక గోడ రంగు.

"చూడు అమ్మాయ్, ఉన్నమాట చెబుతున్నాను. ఈ పోత సరిగ్గా పడకపోతే ఈ కుంపటి విప్పేసి తుక్కుకి ఇచ్చేస్తామన్నారు మా పెద్దవాళ్ళు. ఒక బిల్డరు ఒప్పుకోవడానికే ఇంతకాలం పట్టింది. రెండో బిల్డరు కోసం ఆగరు."

తర్వాత ఒక ప్లాస్టిక్ డబ్బా నా చేతికిచ్చారు. లోపల టీ డికాషన్ లాంటి ద్రవం.

"దీన్ని జాగ్రత్తగా పెట్టుకో. ఈ సిమెంటు కలిపితే జిగటగా తగులుతుంది. జిగట తగిలిందంటే మేస్త్రీ చెయ్యి నీళ్ళ పైపు మీదికి పోతుంది. వాళ్ళ తప్పు కాదు, చేతి అలవాటు. నీళ్ళు ఎక్కువైతే నేల బీటలిస్తుంది. అప్పుడు నీళ్ళననరు, ఎర్ర సిమెంటునంటారు. అందుకని నీళ్ళు పోయనివ్వకు, ఇది పోయించు. పలచబడుతుంది. కిరణ్ అయితే అరుస్తాడు. నువ్వు అరవగలవా?"

"ప్రయత్నిస్తానండి" అన్నాను.

"ఆ?"

మళ్ళీ చెప్పాను. రెండోసారి కూడా ఆవిడకు వినపడలేదనే అనుకుంటాను, ఊరికే తల ఊపారు.

సాయంత్రం ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌లో గది ఇచ్చారు. శుభ్రంగా ఉంది, నేలంతా నాపరాయి. భోజనం పిలుపు వచ్చేదాకా అద్దం ముందు నిలబడి ఒక్క మాట సాధన చేశాను. నీళ్ళు పోయకండి. నీళ్ళు పోయొద్దండి. దయచేసి నీళ్ళు పోయకండి. 'దయచేసి' తీసేస్తే అమర్యాదగా ఉంది. ఉంచితే ఎవరూ ఆగేలా లేదు.

మర్నాడు పొద్దున ఏడుకు బయలుదేరాం. నేను రైల్లో తిరిగి రావలసింది గాని, బస్తాలు వదిలి కదలవద్దన్నారు రాధిక గారు. దారిలో తడవకూడదు, మామూలు బస్తాలతో కలవకూడదు. అందుకని ట్రాలీ బండిలోనే ఎక్కాను. నడిపే ఆయన ఖాజా భాయ్, తాండూరు మనిషే, తెల్ల గడ్డం. వెనక ముప్పై బస్తాలు, వాటి మీద నీలం తార్పాలిన్. డబ్బా నా ఒళ్ళో.

"ఎర్ర సిమెంటట గద. మిర్చి పొడి గిట్ల కలిపిండ్రా ఏంది?" అన్నాడు బండి కదుపుతూనే.

వికారాబాద్ దాకా రోడ్డు గుంతలతో ఉంటుంది, ఈ దారిన వచ్చేవారు తొందర పెట్టుకోకూడదు. బండి కుదిపినప్పుడల్లా వెనక్కి తిరిగి చూసేదాన్ని. మన్నెగూడ దగ్గర వాన మొదలైంది. తార్పాలిన్ ఒక మూల లేచి కొట్టుకుంటుంటే బండి ఆపమన్నాను. దిగి తాడు బిగించి ఎక్కాను. కాసేపటికి మళ్ళీ ఆపమన్నాను. మూడోసారి అడగబోతే ఖాజా భాయ్ అడ్డుపడ్డాడు.

"బేటా, నువ్వు సీటు కంటె బస్తాల మీదనే ఎక్కువ ఉంటున్నవ్. జర కూసో. ఫికర్ చెయ్యకు, ఇరవై ఏండ్ల సంది సిమెంటు తోల్తున్న. ఒక్క బస్తా తడవలే."

చేవెళ్ళలో వాన తెరపి ఇచ్చింది. బస్టాండ్ దగ్గర హోటల్లో పూరీ తిని టీ తాగాం. అక్కడి నుంచి మళ్ళీ నా పెదవులు కదులుతున్నాయని నాకు తెలియదు.

"ఎవరితోని మాట్లాడుతున్నవ్?"

దాచడానికి లేకపోయింది. సంగతి చెప్పాను. మేస్త్రీని ఆపాలని, నా గొంతు పైకి రాదని.

ఖాజా భాయ్ అద్దం పైకెత్తి, బండి నెమ్మది చేశాడు. "అను. నేనే మేస్త్రీని."

"నీళ్ళు పోయకండి."

"నేను పోస్తనే ఉన్న."

"నీళ్ళు పోయొద్దండి."

"సైకిల్ గంట తీరుగుంది. లారీ హారన్ లెక్క ఉండాలె. ఏయ్, పానీ బంద్. గట్ల."

మొయినాబాద్ దాటేదాకా అదే పని. చివరికి ఆయనే విసిగి, "స్కూటర్ హారన్ దాక వచ్చినవ్, చాలు" అన్నాడు.

ఔటర్ రింగు రోడ్డు పక్కకు రాగానే టవర్లు మొదలయ్యాయి. రోజూ చూసే ఊరే. అయినా ఆ రోజు ముప్పై బస్తాల ముందు కూర్చుని చూస్తే వేరేగా ఉంది. ఒక్కో అంతస్తుకూ ఎంత రాయి కాలిందో, ఆ గాలి ఇప్పుడు ఎక్కడుందో అనిపించింది. క్రేన్లు తిరుగుతున్నాయి, కట్టినవాటి పక్కనే ఇంకా కడుతున్నారు. మనుషులు ఇళ్ళు కట్టుకోవడం మానరు, మానాలని అనడానికి మణికొండ అపార్ట్‌మెంటులో ఉండే నాకు నోరూ లేదు. కాళ్ళు ఆడిస్తూ కూర్చున్నాను. డబ్బాలో ద్రవం ఒళ్ళో అటూ ఇటూ కదులుతూ ఉంది.

పన్నెండు గంటలకు నానక్‌రామ్‌గూడ చేరాం. పాత ఊరి ఇళ్ళ వెనకే సైటు. యాదగిరి మేస్త్రీ నారాయణపేట వైపు మనిషి. సన్నగా, తలకు తువ్వాలు. కూలీలు కంకర, ఇసుక సిద్ధం చేసి కూర్చున్నారు. ఒక బస్తా విప్పి చూశాడో లేదో, మొహం మారింది.

"ఇదేంది? ఇటుక పొడి కలిపిండ్రు. నేను పొయ్య."

అలా కాదని చెప్పబోయాను. ఆయన అప్పటికే బిల్డరు ఇంజనీరుకు ఫోన్ చేసి నా చేతికిచ్చాడు. ఇంజనీరు మాట మెత్తగానే ఉంది. "మేస్త్రీ వద్దంటే నేను బలవంతం చెయ్యలేనండి. రేపు ఏదైనా అయితే నా మీదికి వస్తుంది. వాపస్ తీసుకెళ్ళిపోండి."

ఖాజా భాయ్ బండి మీద చెయ్యేసి నిలబడ్డాడు. "మల్ల తాండూరా? నా భార్య ఇంట్లోకి రానియ్యదు."

రాధిక గారికి ఫోన్ చేద్దామని తీసి, మళ్ళీ లోపల పెట్టాను. ఏమని చెప్పను? కుంపటి గుర్తొచ్చింది.

"మీరు మామూలుగా సిమెంటును ఎలా చూస్తారో ఒకసారి అలాగే చూడండి" అన్నాను యాదగిరితో. "అలా చూసినా బాగా లేకపోతే తీసుకుపోతాను."

ఆయన నన్ను ఒక క్షణం చూసి, మోచేతి దాకా బస్తాలో చెయ్యి పెట్టాడు. లోపల చల్లగా ఉంటే మంచి సరుకని లెక్క. చిటికెడు తీసి వేళ్ళ మధ్య రుద్దాడు, పలుకు తగలలేదు. బకెట్ నీళ్ళ మీద చల్లాడు. కాసేపు తేలి మునిగింది. చుట్టూ మూగిన కూలీలు ఆయన మొహం చూస్తున్నారు.

"అన్ని మంచిగనే ఉన్నయి. రంగే మంచిగ లేదు."

"ఆ రంగు మట్టిదండి. తాండూరు మట్టిని కాల్చి కలిపారు."

"మట్టా? ఇగ మట్టికి గూడ పైసలు తీస్కుంటున్నరా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వులో పని మొదలైంది. "సరే తియ్యి. వాచ్‌మన్ల జాగనే గద. బీటలొస్తే మల్ల నన్ను అడగొద్దు" అని యాదగిరి కొబ్బరికాయ తెప్పించాడు. మిక్సర్‌కు కుంకుమ బొట్టు పెట్టి, కాయ కొట్టి, నీళ్ళు కొలిచిన బకెట్లతో పోయించాడు. అంతవరకు నేను అనుకున్నట్టే జరిగింది.

మిక్సర్ తిరిగింది. కలిసిన మాలు ఇనుప గమేళాలో పడింది. యాదగిరి తాపీతో కదిపి చూసి ముఖం చిట్లించాడు.

"బంక తీరుగున్నది. నర్సిములూ, నీళ్ళు ఇడువు."

నర్సిములు పైపు అందుకున్నాడు. నేను "నీళ్ళు పోయకండి" అన్నాను. మిక్సర్ హోరులో నా మాట నాకే వినపడలేదు. ఇంకోసారి అన్నాను. నీళ్ళు డ్రమ్ములోకి పడుతున్నాయి. ఖాజా భాయ్ నేర్పిన హారన్ గొంతులోనే ఉండిపోయింది.

ఆ తర్వాత నేను చేసింది ఆలోచించి చేసింది కాదు. మా డాబా మీద అమ్మ మొక్కలకు నీళ్ళు పడుతుంటే, కుళాయి దాకా పోవడానికి బద్ధకించి నేను పైపును మడిచి పట్టుకుంటాను. అలాగే వంగి, నా కాళ్ళ దగ్గర నేల మీద పాకుతున్న పైపును రెండు చేతులతో మడిచి నొక్కేశాను. అటు నీళ్ళు ఆగిపోయాయి. ఇటు పైపు అతుకు ఊడి, నా చుడీదారంతా తడిసిపోయింది. నర్సిములు ఖాళీ పైపులోకి తొంగి చూశాడు. యాదగిరి చెయ్యి ఎత్తాడు, మిక్సర్ ఆగింది.

"నీళ్ళు పోయొద్దు."

అప్పటికి హోరు లేదు కాబట్టి ఆ మాట అవసరానికి మించి పెద్దగా వినపడింది. వాచ్‌మన్ కూడా గదిలోంచి బయటికి వచ్చాడు.

"ఏందమ్మా, పామును పట్టినట్టు పట్టినవ్" అన్నాడు యాదగిరి. "ఇడ్సిపెట్టు."

"వదలను."

అది నేనే అన్నానని తెలియడానికి నాకు కొంచెం టైం పట్టింది. పక్కనున్న డబ్బా వైపు గడ్డంతో చూపించాను. "ఈ డబ్బాలోది పోయండి. ఒక్క మిక్సు చూడండి. నీళ్ళు ఎక్కువైతే బీటలిస్తుంది. బీటలిస్తే తాండూరులో ఒకావిడ బట్టీని విప్పి తుక్కుకి అమ్మేస్తారు."

"ఎవరి బట్టీ ఏమైతే నాకేంది?"

నాకు జవాబు తోచలేదు. ఎప్పటిలా ఆలస్యంగా కూడా తోచలేదు. పైపు మాత్రం వదల్లేదు. నా మోచేతుల మీదుగా నీళ్ళు కారుతూ ఉన్నాయి.

యాదగిరి తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. "ఆడమనిషా బట్టీ నడిపేది?"

"అవునండి. ఏళ్ళ తరబడి."

"నర్సిములూ, నల్ల బంద్ చెయ్. ఇగ ఈమె పైపు ఇడిసేటట్టు లేదు."

నీళ్ళు పడిన మొదటి మిక్సును గేటు దగ్గర గుంతలో పోయించాడు. రెండోదాంట్లో రాధిక గారు గీత గీసి ఇచ్చిన కొలతతో డబ్బాలోని ద్రవం పోశాం. మొదట ఏ తేడా లేదు. యాదగిరి నా వైపు చూశాడు, నేను డ్రమ్ము వైపు చూశాను. తిరగ్గా తిరగ్గా గట్టిగా అంటుకుని ఉన్న మాలు జారడం మొదలైంది. గమేళాలోకి పడినప్పుడు తోడుకున్న పెరుగులా కదిలింది. ఆయన తాపీ ఆనించి లాగాడు. ఇంకోసారి లాగాడు. మంచిదనలేదు, చెడ్డదనలేదు. "తేండ్రి, తేండ్రి, జల్ది" అని కూలీలను తొందర పెట్టాడు. నాకు అది చాలు.

మూడు దాటేసరికి నేలంతా పరుచుకుంది. ఖాజా భాయ్ ఖాళీ బండి ఎక్కుతూ "ఖుదా హాఫిజ్, పానీ బంద్ మేడమ్" అని సెల్యూట్ కొట్టి పోయాడు. తడి నేల ఫొటో రాధిక గారికి పంపాను. 'నీళ్ళు?' అని మాత్రం అడిగారు. 'ఒక్క మిక్సులో పడ్డాయి, మేస్త్రీ దాన్ని గేటు దగ్గర గుంతలో పోయించాడు. నేలలో లేవండి' అని రాశాను. కాసేపటికి 'అయితే ఇప్పుడు అన్నం తింటాను' అని వచ్చింది.

గట్టిపడ్డాక మాత్రం తడి గోనెసంచులు కప్పి, రోజూ నీళ్ళు పెట్టాలి. ఆ మాట యాదగిరికి చెబితే, "రేపు పోస్తె పైపు పట్టుకోవు గద?" అన్నాడు.

ఆ నేల ఎంత గట్టిదో పరీక్షల్లో తేలడానికి నెల పడుతుంది. ఆ పరీక్షల కోసం అదే మాలుతో అచ్చుల్లో పోసిన దిమ్మలు వాచ్‌మన్ గదిలో మంచం కింద ఉన్నాయి. కుంపటి ఉంటుందో పోతుందో అప్పటిదాకా ఎవరూ చెప్పలేరు. దేశమంతా పోసే సిమెంటులో ఒక వాచ్‌మన్ గది ముందరి జాగా ఏపాటిది? లెక్కల్లో అది కనిపించను కూడా కనిపించదు. బాలమణికి చెప్పవలసిన జవాబులో ఇదీ కలపాలి. కనబడని దాని వెంట పడితే, చివరికి చేతికి తగిలేది ఇలాంటి ఒక చిన్న తడి జాగా.

నానక్‌రామ్‌గూడ నుంచి మణికొండకు షేర్ ఆటోలు సాయంత్రం దాకా దొరుకుతాయి, పది నిమిషాలు నిలబడితే చాలు. బ్యాగు భుజాన వేసుకుని బయలుదేరాను. గేటు దాకా వెళ్ళి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వచ్చాను. గోడ మూలన, లేత ఎరుపులో నేల ఇంకా మెరుస్తోంది. చుట్టూ చూసి, చెప్పు పట్టీ కోసం వంగాను. బొటనవేలు ముందుకు పోయింది, ఆగిపోయింది. రేపు ఇంజనీరు వచ్చి అంగుళం అంగుళం చూస్తాడు. వేరే నేలలంటే వేరు. దీని మీద మచ్చ ఉండకూడదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

తొట్టి దగ్గర తాపీ కడుక్కుంటున్న యాదగిరి ఎప్పటి నుంచి చూస్తున్నాడో తెలియదు.

"పెట్టు బిడ్డా" అన్నాడు. "ఇంకా పచ్చిగనే ఉన్నది."